పువ్వుల కంటే ముందు కటింగ్ చూడండి: రష్యా పల్లె బట్టలు, నేటి ఫ్యాషన్ (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో డిజైన్ చదివే పిల్లలు, వెనక చేనేత నుంచి వచ్చినవాళ్లు, ఆ పక్కన టైలరింగ్ షాపులు నడిపే అక్కలు, అందరూ కనిపిస్తున్నారు. చాలా సంతోషం. ఈరోజు విషయం మీ ముగ్గురికీ పనికొచ్చేదే, అందుకే అందరినీ కలిపి కూర్చోబెట్టమని నేనే అడిగాను.

ఈ మధ్య మీ ఫోన్లలో ఈ ఫొటోలు చూసే ఉంటారు. నల్ల ఉన్ని శాలువా, దాని మీద పెద్ద పెద్ద ఎర్ర గులాబీలు, దాన్ని తల మీద వేసుకుని గడ్డం కింద ముడి. బొచ్చు టోపీ. చేతుల నిండా ఎర్ర దారం కుట్టిన తెల్ల బ్లౌజు. తల మీద అర్ధచంద్రాకారంలో నిలబడే ముత్యాల కిరీటం. 2018లో రష్యాలో ఫుట్‌బాల్ ప్రపంచకప్ జరిగినప్పుడు అలాంటి కిరీటాలు పెట్టుకున్న అభిమానుల ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి, గుర్తుందా? ఆ కిరీటం పేరు కొకోష్నిక్. అదే ఏడాది బ్రిటన్ యువరాణి యూజనీ పెళ్లిలో పెట్టుకున్న పచ్చల కిరీటం కూడా కొకోష్నిక్ ఆకారంలో చేసిందే. ఇక ఆ గులాబీల శాలువా మాస్కోకి తూర్పున ఉన్న పావ్లోవ్‌స్కీ పొసాద్ అనే చిన్న ఊరిది. వీటన్నిటికీ కలిపి మార్కెట్లో ఒకటే పేరు, రష్యన్ లుక్.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. వందేళ్లకు పైగా ఫ్యాషన్ ప్రపంచం ఈ లుక్‌ని మళ్లీ మళ్లీ తీసుకుంటోంది. తీసుకున్న ప్రతిసారీ దాదాపుగా పైనున్న పువ్వునీ మెరుపునీ తీసుకుని, లోపలున్న కటింగ్‌ని వదిలేసింది. అసలు తెలివంతా కటింగ్‌లోనే ఉంది. దాన్ని పట్టుకున్నవాళ్లు కొద్దిమందే, వాళ్ల గురించి చెప్పాలనే ఇవాళ వచ్చాను.

మనలో కాస్త వయసున్నవాళ్లకి ఈ బట్టలు కొత్త కాదు. విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో చవగ్గా దొరికిన సోవియట్ పిల్లల పుస్తకాలు, ప్రగతి వాళ్లవి, రాదుగ వాళ్లవి, చదివినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. ఆ, చాలామందే ఉన్నారు. ఆ జానపద కథల బొమ్మల్లో భుజాల మీద పట్టీలతో నేల దాకా ఉండే గౌను వేసుకున్న అమ్మాయి ఉండేది కదా, ఆ గౌను సరఫాన్. మగవాళ్ల చొక్కాకి గుండీలు మధ్యలో కాకుండా పక్కకి ఉండేవి. అది కొసొవొరోత్కా. అంటే మనకి పేర్లు తెలియకపోయినా బట్టలు తెలుసు.

సరే, ముందు ఆ బట్ట ఎలా పుట్టిందో చూద్దాం. సరఫాన్ పైన వేసుకునేది. దాని లోపల అసలు బట్ట ఒకటుంది, రుబాఖా, పొడవాటి చొక్కా. ఆడవాళ్లకీ అదే, మగవాళ్లకీ అదే, కొలతలు వేరు. ఇంట్లోనే అవిసె మొక్క కాండాన్ని నానబెట్టి, దంచి, నార తీసి, చలికాలమంతా వడికి, ఇంటి మగ్గం మీద నేసేవాళ్లు. ఆ మగ్గం సన్నది. పన్నా నలభై సెంటీమీటర్ల చుట్టుపక్కలే, మన లెక్కలో రెండు జానలకి కాస్త తక్కువ. ఇక్కడ ఆగండి. చేనేత నుంచి వచ్చినవాళ్లకి ఇప్పటికే అర్థమై ఉంటుంది. రెండు జానల గుడ్డతో నిండు చొక్కా ఎలా కుడతారు? అంత కష్టపడి, విత్తనం నుంచి నేత దాకా ఏడాదంతా పట్టిన గుడ్డలో ఒక్క ముక్కయినా పారేయగలరా?

పారేయలేదు. రుబాఖాలో దాదాపు అన్నీ చదరాలూ దీర్ఘచతురస్రాలే. ఒంటికి నిలువు పట్టీలు. చేతికి నిలువు పట్టీ. భుజం మీద ఒక ముక్క, దాన్ని పోలిక్ అంటారు. మెడ దగ్గర గుడ్డని గుండ్రంగా కోయరు, కుచ్చులు పెట్టి దగ్గరికి లాగుతారు. చంక కింద చిన్న చదరపు ముక్క ఒకటి, మూలగా తిప్పి పెడతారు, చాలాచోట్ల అది ఎర్ర గుడ్డ. ఆ ఒక్క ముక్క ఏం చేస్తుందో తెలుసా? చెయ్యి పూర్తిగా పైకెత్తినా చొక్కా నడుం దగ్గర పైకి లేవదు, చంకలో కుట్టు పట్టేయదు. పొలంలో గడ్డి కోసే మనిషికి అంతకంటే ఏం కావాలి? అక్కా, మీరు చెప్పండి, జాకెట్టుకి చంక వంపు తీసినప్పుడు ఎంత గుడ్డ పక్కకి పోతుంది? చూశారా, పిడికెడు అంటున్నారు. అక్కడ ఆ పిడికెడు కూడా పోదు.

ఇంకొకటి. రుబాఖా పై భాగం సన్న నారతో, కింది భాగం ముతక నారతో ఉండేది. కింది భాగం సరఫాన్ లోపల దాగి ఉంటుంది, కనపడదు, త్వరగా నలుగుతుంది. అది చిరిగితే ఆ భాగం ఒక్కటే మార్చుకునేవాళ్లు. చొక్కా మొత్తం పారేయడం ఉండదు. ఇప్పుడు సస్టైనబుల్ ఫ్యాషన్ అని సెమినార్లు పెట్టి మనం చెప్పుకునేది ఆ పల్లె ఆడవాళ్లు ఎవరూ నేర్పకుండానే చేశారు, గుడ్డ విలువ తెలుసు కాబట్టి.

ఇక కుట్టుపని. ఎర్ర దారం ఎక్కడ వస్తుంది? మెడ చుట్టూ, మణికట్టు దగ్గర, కింది అంచున, భుజం మీద. ఒళ్లంతా చల్లరు. చొక్కా ఎక్కడ తెరుచుకుంటుందో అక్కడ నుంచి చెడు లోపలికి వస్తుందని నమ్మకం, అందుకే అక్కడ కాపలాగా ఎరుపు. నమ్మకం సంగతి అలా ఉంచి పనివాళ్ల కళ్లతో చూసినా, ముందు అరిగేవి ఆ అంచులే, దట్టంగా కుట్టు పడితే అవి గట్టిపడతాయి. అందుకే నేను పిల్లలకి చెబుతుంటాను, పువ్వు ఎంత అందంగా ఉందో తర్వాత, అది ఎక్కడ కూర్చుందో ముందు చూడండి అని.

ప్రాంతాల తేడా కూడా పెద్దది. ఉత్తరాన సరఫాన్. దక్షిణాన, రియాజాన్, తంబోవ్, వొరోనెజ్ వైపు, సరఫాన్ కాదు, పొన్యోవా. గళ్ల ఉన్ని గుడ్డని నడుం చుట్టూ తాడుతో కట్టే లంగా, పైన ఏప్రన్. అది పెళ్లయిన ఆడవాళ్లదే. పెళ్లికాని పిల్ల ఒకే జడ వేసుకుని నడినెత్తి కనిపించేలా పట్టీ కడుతుంది. పెళ్లయ్యాక రెండు జడలు, వాటిని చుట్టి జుట్టు ఒక్క వెంట్రుక కూడా కనపడకుండా మూసేయాలి. కొకోష్నిక్ అలా మూసే టోపీయే. నది ముత్యాలు, జరీ దారం, ఊరూరా దానికో ఆకారం, ఇంట్లో తల్లి నుంచి కూతురికి వచ్చే వస్తువు. ఇవాళ ర్యాంపుల మీద జుట్టు విరబోసుకుని నుదుటి మీద కొకోష్నిక్ పెట్టుకుంటున్నారు. పెట్టుకోండి, ఎవరూ కాదనరు. కానీ డిజైన్ చదివేవాళ్లకి అది అప్పట్లో ఏం చెప్పేదో తెలిసి ఉండాలి. మన మెట్టెలు అక్కడెక్కడో పెళ్లికాని అమ్మాయికి ఫ్యాషన్ షోలో పెడితే మనం ఒక్క క్షణం ఆగి చూడమా?

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇవన్నీ పల్లె బట్టలు ఎందుకయ్యాయి? ఒకప్పుడు రాజూ రైతూ ఒకే తీరు బట్టలు వేసేవాళ్లు, గుడ్డ ఖరీదే తేడా. ఆ తీరుని విడదీసింది రష్యా జార్, అంటే చక్రవర్తి, పీటర్ ది గ్రేట్. 1700లో ఆజ్ఞ వచ్చింది, ఇకనుంచి నగరాల్లో యూరప్ తరహా బట్టలే వేసుకోవాలని. నగర ద్వారాల దగ్గర నమూనా దుస్తులు వేలాడదీశారు, పాత బట్టల్లో వస్తే జరిమానా. పూజారులకీ రైతులకీ మాత్రం మినహాయింపు. దాంతో పాత బట్ట పల్లెలోనే మిగిలింది. ఒక్క ఆజ్ఞతో అందరి బట్ట కాస్తా పల్లె బట్ట అయిపోయింది. తర్వాత మనం జానపదం అని పిలుస్తున్నదంతా ఈ విడిపోవడంలో నుంచి వచ్చిందే.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఆసక్తికరం. వదిలేసిన బట్టని మళ్లీ ఫ్యాషన్‌గా తెచ్చుకున్న మొదటివాళ్లు పారిస్ వాళ్లు కాదు, రష్యా రాజదర్బారే. 1834లో జార్ నికొలాయ్ 1 దర్బారు ఆడవాళ్లకి డ్రెస్ కోడ్ పెట్టాడు: వెల్వెట్ గౌను, చీలికల చేతులు, తల మీద కొకోష్నిక్ లాంటిది, దానికి తెల్ల మేలిముసుగు. లోపల గౌను కటింగ్ చూస్తే అది పూర్తిగా యూరప్‌దే, బిగుతు నడుం, మెడ తెరిచి. పైన కిరీటం ఒక్కటే రష్యాది. చూశారా, పువ్వు తీసుకుని కటింగ్ వదిలేయడం అక్కడే మొదలైంది. 1903 ఫిబ్రవరిలో వింటర్ ప్యాలెస్‌లో పెద్ద విందు జరిగింది, అందరూ పదిహేడో శతాబ్దపు బట్టల్లో రావాలని. జార్ నికొలాయ్ 2 జార్ అలెక్సీ వేషంలో వచ్చాడు. ఆ అలెక్సీ ఎవరనుకున్నారు? ఆ బట్టల్ని మాన్పించిన పీటర్ తండ్రే. ఆ విందు ఫొటోలు ఇప్పటికీ డిజైనర్లు తిరగేస్తుంటారు.

తర్వాత పారిస్. 1909లో ద్యాగిలేవ్ అనే రష్యా కళా నిర్వాహకుడు తన బ్యాలే నృత్య బృందాన్ని పారిస్ తీసుకెళ్లాడు. దానికి సెట్లూ బట్టలూ గీసిన లియోన్ బక్స్‌త్ రంగులు చూసి ఊరు ఊరంతా మారిపోయింది, లేత రంగులు పక్కకి పోయి ముదురు ఎరుపు, నారింజ, నెమలి నీలం వచ్చాయి. పాల్ ప్వారే అనే పారిస్ డిజైనర్ 1911లో మాస్కో, సెయింట్ పీటర్స్‌బర్గ్ స్వయంగా వెళ్లాడు, వచ్చాక కజాన్ అనే రష్యా ఊరి పేరుతో బట్టలు చేశాడు. 1913లో వసంతోత్సవం ఇతివృత్తంగా స్ట్రావిన్‌స్కీ సంగీతంతో వచ్చిన బ్యాలేకి బట్టలు గీసింది నికొలాయ్ రోరిక్. ఆయన స్మొలెన్‌స్క్ దగ్గర తలాష్కినో ఎస్టేట్‌లో పల్లె కళల మధ్య పనిచేసినవాడు, అందుకే ఆయన గీసిన చొక్కాల్లో నిజమైన రుబాఖా కనిపిస్తుంది, నిలువు కోత, అంచున పట్టీ.

రోరిక్ అంటే మనకి తెలిసిన చిత్రకారుడు రోరికే. తర్వాత కులూ లోయలో నగ్గర్‌లో స్థిరపడ్డాడు. ఆయన కొడుకు స్వెతొస్లావ్ పెళ్లాడింది నటి దేవికా రాణిని. దేవికా రాణి పుట్టింది మన వాల్తేరులో! విశాఖ నుంచి వచ్చినవాళ్లు నవ్వుతున్నారు, తెలిసిన సంగతేనేమో. సరే, ముందుకెళ్దాం.

1917 విప్లవం వచ్చింది. రాజకుటుంబీకులు, ఉన్నతోద్యోగులు, వాళ్ల భార్యలు పారిస్ చేరారు. చేతిలో డబ్బు లేదు, చదువుకునే రోజుల్లో నేర్చుకున్న ఎంబ్రాయిడరీ ఉంది. చివరి జార్ చిన్నాన్న కూతురు గ్రాండ్ డచెస్ మరియా పావ్లోవ్నా 1921లో కిత్‌మీర్ అనే ఎంబ్రాయిడరీ సంస్థ పెట్టింది. రాజభవనంలో పెరిగిన మనిషి వెళ్లి మెషిన్ ఎంబ్రాయిడరీ నేర్చుకుంది. అది ఏం కుట్టో తెలుసా? గొలుసు కుట్టు. మీ బొటీక్‌లలో చట్రానికి గుడ్డ బిగించి కొక్కెం సూదితో మగ్గం వర్క్ చేస్తారే, ఆ కుట్టుకి మెషిన్ రూపం. ఆ సంస్థ మొదట పారిస్ డిజైనర్ కోకో షానెల్‌కి పనిచేసింది. అప్పుడు షానెల్ రుబాఖా తరహాలో నడుం మీద బెల్టు పెట్టే బ్లౌజులు చేసింది, బాగా అమ్ముడయ్యాయి. ఇక్కడ షానెల్‌ని మెచ్చుకోవాలి, ఆ వదులు కటింగ్‌ని కొంత అర్థం చేసుకుంది. అసలే నడుం బిగించే కార్సెట్లు వదిలించుకుంటున్న కాలం, నిలువు కోత చొక్కా దానికి సరిగ్గా కుదిరింది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన సంవత్సరానికి వచ్చాం, 1925. పారిస్‌లో అలంకార కళల అంతర్జాతీయ ప్రదర్శన. ఆర్ట్ డెకో అనే పేరు తర్వాత ఆ ప్రదర్శన నుంచే వచ్చింది. అక్కడ కిత్‌మీర్‌కి బంగారు పతకం వచ్చింది. అదే ప్రదర్శనలో సోవియట్ యూనియన్ తరఫున వచ్చిన బట్టలకి గ్రాండ్ ప్రి, అంటే పెద్ద బహుమతి, వచ్చింది. ఒకే కప్పు కింద, దేశం వదిలి వెళ్లినవాళ్ల రష్యా, దేశంలో మిగిలినవాళ్ల రష్యా. రెండూ పల్లె బట్టనే తెచ్చాయి.

ఆ సోవియట్ బట్టలు చేసింది నదేజ్దా లమనోవా. ఈ పేరు రాసుకోండి పిల్లలూ, దయచేసి రాసుకోండి. ఆవిడ 1885లో మాస్కోలో సొంత వర్క్‌షాప్ పెట్టారు, రాజదర్బారుకి బట్టలు కుట్టారు. ప్వారే రష్యా వెళ్లినప్పుడు కలిసింది ఆవిడనే. విప్లవం తర్వాత వర్క్‌షాప్ పోయింది, కొన్ని నెలలు జైల్లో పెట్టారు, గోర్కీ వైపు వాళ్లు పూనుకుని విడిపించారు. అంత జరిగాక ఎవరైనా ఏం చేస్తారు? పారిస్‌లో ఆవిడకి పేరుంది, వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. అరవై దాటిన వయసులో, గుడ్డ దొరకని దేశంలో, మామూలు మనుషులకి బట్టలు ఎలా కుట్టాలా అని కూర్చున్నారు.

గుడ్డ లేదు. మరి ఏముంది? పల్లె ఇళ్లలో చేతితో నేసిన తువ్వాళ్లున్నాయి, అంచున ఎర్ర కుట్టు ఉన్నవి. ముతక నారబట్ట ఉంది. లమనోవా ఆ తువ్వాలునే తీసుకుని డ్రెస్ చేశారు. తువ్వాలు అంచు డ్రెస్ కింది అంచయింది. కోయలేదు, వృథా చేయలేదు, పైన వేరే పువ్వు కుట్టలేదు. పల్లె చొక్కా ఏ లెక్కతో పుట్టిందో అదే లెక్కతో పట్నం డ్రెస్ పుట్టింది. పారిస్‌లో మెడలు తిప్పి చూశారంటే అందుకే చూశారు. ఆ ఏడాదే ఆవిడా శిల్పి వేరా ముఖినా కలిసి ఇంట్లో కుట్టుకోవడానికి డ్రెస్సుల బొమ్మలతో ఒక ఆల్బమ్ చేశారు, రెండు తువ్వాళ్లతో కఫ్తాన్ ఎలా కుట్టాలో అందులో ఉంది. ముఖినా అంటే ఎవరో కాదు, సుత్తీ కొడవలీ ఎత్తిపట్టిన కార్మికుడూ రైతు స్త్రీ విగ్రహం చూశారు కదా, సోవియట్ సినిమాల మొదట్లో తిరిగేది, అది చేసినావిడ.

లమనోవా పద్ధతి నా మాటల్లో చెప్పాలంటే మూడు ప్రశ్నలు: ఎవరికి, దేనితో, ఎందుకు. ఈ మూడు అడగకుండా గీత గీయకూడదని ఆవిడ పట్టు. మీ స్కెచ్ పుస్తకాల మొదటి పేజీలో ఇవి రాసుకోమంటాను.

తర్వాత చాలా ఏళ్లు గడిచాయి, ఆ భాగం వదిలేస్తున్నాను. 1963కి రండి. సోవియట్ డిజైనర్ వ్యచెస్లావ్ జైత్సెవ్, అందరూ స్లావా జైత్సెవ్ అంటారు. ఇవానోవోలో పుట్టాడు, అది పూర్తిగా నూలు మిల్లుల ఊరు, చీటీ గుడ్డకి పేరు. చదువు అవగానే ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో పడేశారు, పల్లెల్లో పనిచేసే ఆడవాళ్లకి పనిబట్టలు డిజైన్ చేయమన్నారు. అప్పటిదాకా వాళ్లకి ఉన్నది మసిరంగు దూది కోటు, బూడిదరంగు వలెంకీ, అంటే ఉన్నితో గట్టిగా అదిమి చేసిన బూట్లు. జైత్సెవ్ ఏం చేశాడు? ఆ దూది కోటు తీయలేదు, వెచ్చగా ఉంటుంది కాబట్టి ఉంచాడు, రంగు మార్చాడు. కింద పావ్లోవ్‌స్కీ పొసాద్ శాలువా గుడ్డతో లంగాలు కుట్టాడు. వలెంకీ మీద రంగులు వేశాడు. పేడ ఎత్తే ఆడమనిషి కూడా ఎర్ర పువ్వు వేసుకోవచ్చని అనుకున్నాడు. పైవాళ్లు కుదరదన్నారు, కలెక్షన్ మొత్తం తిరగ్గొట్టారు. ఒక ఫ్రెంచి పత్రిక మాత్రం దాని గురించి రాసింది, తర్వాత పియర్ కార్డాన్ లాంటి పారిస్ డిజైనర్లు మాస్కో వచ్చి ఆయన్ని వెతుక్కుని కలిశారు. ఆయనని మాత్రం చాలా ఏళ్లు దేశం దాటనివ్వలేదు.

సరిగ్గా పదమూడేళ్లకి, 1976లో, ఫ్రెంచి డిజైనర్ ఈవ్ సాన్ లోరాన్ పారిస్‌లో ఒక కలెక్షన్ చూపించాడు, ద్యాగిలేవ్ బ్యాలే పేరు మీదనే. ఘేరు ఎక్కువున్న పట్టు లంగాలు, వెల్వెట్ రవికలు, బొచ్చు అంచులు, బంగారు బూట్లు, తల మీద శాలువాలు. న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వేసింది. ఎనభైల దాకా ఆ ప్రభావం పోలేదు, మన సినిమాల్లో పాటలకి వేసిన పెద్ద కుచ్చుల లంగాల్లో కూడా దాని నీడ నాకు కనిపిస్తుంది. అందమైన పని, నేను కాదనను, ఇప్పటికీ ఫొటోలు చూస్తే కళ్లు నిలిచిపోతాయి. కానీ ఒక్కసారి ఆలోచించండి. పల్లె ఆడమనిషి కోసం పల్లె పువ్వుతో చేసిన బట్ట ఫ్యాక్టరీ గేటు దాటలేదు. డబ్బున్న ఆడమనిషి కోసం అదే పల్లె పువ్వుతో చేసిన బట్ట మొదటి పేజీకెక్కింది. నాకు ఈ రెండు సంవత్సరాలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది. జైత్సెవ్ 2023లో పోయారు. ఆ దూది కోటు గురించి ఇంకా ఎక్కువమందికి తెలియాలి.

ఈ కాలానికి వద్దాం. డిజైనర్ కార్ల్ లాగర్‌ఫెల్డ్ 2008 చివర్లో షానెల్‌కి పారిస్-మాస్కో అనే కలెక్షన్ చేశాడు, కొకోష్నిక్‌లు ఉన్నాయి, రత్నాలు ఉన్నాయి, అన్నీ ఉన్నాయి. అది మళ్లీ దర్బారు రష్యానే. దాని కంటే నాకు డిజైనర్ ఉల్యానా సెర్గియెంకో పని ముఖ్యం. ఈవిడ 2012లో పారిస్‌లో చూపించడం మొదలుపెట్టింది. కథల రాణుల్లా కనిపించే బట్టలే చేస్తుంది, కానీ వొలొగ్దా లేసు వొలొగ్దాలోనే అల్లిస్తుంది, నోవ్‌గొరోద్ ప్రాంతంలోని క్రెస్త్సీ ఊరి తెల్ల జాలీ కుట్టుని ఆ ఊరివాళ్లతోనే కుట్టిస్తుంది. జాలీ కుట్టు అంటే గుడ్డలో దారాలు కొన్ని లాగేసి, మిగిలిన దారాల మీద నమూనా కట్టడం. చాలా ఓపిక కావాలి, కళ్లు కావాలి. పారిస్ ర్యాంపు మీద నడిచిన ఒక గౌను ఆ ఊరిలో కొంతమందికి పని అయింది. పువ్వు తీసుకున్నా ఇలా తీసుకోవాలి.

పావ్లోవ్‌స్కీ పొసాద్ శాలువా గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, కలంకారీ అద్దే పెడన నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు కాబట్టి. ఆ ఊరిలో ఫ్యాక్టరీ 1795 నాటిది, అద్దకం ఉన్ని శాలువాలకి పేరొచ్చింది 1860లలో. ఎలా అద్దేవాళ్లు? చెక్క అచ్చులతో. మీలాగే. గీతకి ఒక రకం అచ్చు, రంగు నింపడానికి ఇంకో రకం అచ్చు, ఒక్క శాలువా మీద వందల సార్లు అచ్చు పడేది. మొదట్లో నమూనాలు కూడా తూర్పు శాలువాల నుంచి వచ్చినవే, మన మామిడి పిందె దాని మీద ఇప్పటికీ ఉంది చూడండి. గులాబీలు తర్వాత వచ్చాయి. 1970లలో చెక్క అచ్చులు పోయి స్క్రీన్ ప్రింటింగ్ వచ్చింది. నాణ్యత పడిపోలేదు, రంగుల సంఖ్య ఎక్కువే ఉంటుంది, అంచు కుచ్చులు ఇంకా బాగుంటాయి. కానీ అచ్చు కొట్టే చెయ్యి పోయింది. పెడనలో ఇంకా ఆ చెయ్యి ఉంది. అది ఎంత పెద్ద సంగతో మీకు చెప్పాల్సిన పని లేదు, కొనేవాళ్లకి చెప్పాలి.

ఓరెన్‌బర్గ్ శాలువా ఇంకో కథ. మన పిల్లలు చాలామంది రష్యాలోని ఆ ఊరికి ఎంబీబీఎస్‌కి వెళ్తున్నారు, మీ ఇళ్లలో ఒకటైనా వచ్చి ఉంటుంది. మేక పైవెంట్రుకల కింద వెచ్చటి నూగు ఉంటుంది, దాన్ని దువ్వి తీసి దారం చేసి అల్లుతారు. సాలెగూడు రకం అయితే పెద్ద శాలువా కూడా ఉంగరంలోంచి దూరిపోతుంది. ఆ మేకల్ని వేరే దేశాలు తీసుకెళ్లి పెంచాలని చూశారు, చలి తగ్గేసరికి నూగు ముతకైపోయింది. ఇంకో సంగతి, ఈ మేకల పెంపకం మొదట అక్కడి కజక్, కల్మిక్ జనాలది. తర్వాత వచ్చిన కొసాక్ ఆడవాళ్లు ఆ నూగుతో లేసు నమూనాలు అల్లారు. అంటే రష్యన్ అని మనం ఒక్క మాటలో అనేసేదాంట్లో ఇతర జాతుల చేయి ఎంత ఉందో చూడండి.

ఇది తేలిగ్గా వదిలేసే విషయం కాదు. రష్యన్ లుక్ అని అమ్మేవాటిలో చాలా రష్యావి కావు. ఆ ఎర్ర దారం కుట్టిన తెల్ల బ్లౌజు ఉంది కదా, మొదట్లో చెప్పాను, దానిలో చాలా రకాలు ఉక్రెయిన్ విషివాంకాలు, అంటే వాళ్ల కుట్టుపని చొక్కాలు. విటా కిన్ అనే ఉక్రెయిన్ డిజైనర్ 2015 ప్రాంతంలో ఆ చొక్కాని పొడవు గౌనుగా చేసి ప్రపంచమంతా అమ్మింది, వెంటనే నకళ్లు వచ్చాయి. మే నెల మూడో గురువారం వాళ్లకి విషివాంకా రోజు. యుద్ధం నడుస్తున్న కాలంలో ఒక ఉక్రెయిన్ మనిషి చొక్కాకి రష్యన్ అని లేబుల్ వేస్తే వాళ్లకి ఎలా ఉంటుందో ఊహించండి. రుమేనియా బ్లౌజుకీ అదే గతి. బిహోర్ అనే రుమేనియా ప్రాంతపు కోటుని పోలినది ఒక పెద్ద ఫ్రెంచి బ్రాండు కలెక్షన్‌లో ఆ ప్రాంతం పేరు లేకుండా వచ్చినప్పుడు, 2018లో అక్కడివాళ్లు తమ కోట్లు తామే అమ్ముతూ ప్రచారం నడిపారు. నాకు అది చాలా నచ్చింది. తిట్టి ఊరుకోలేదు, మా దగ్గర అసలుది ఉంది, కొనండి అన్నారు.

రష్యా లోపల ఇప్పుడు ఏం జరుగుతోందంటే, 2022లో యుద్ధం మొదలయ్యాక జారా, హెచ్ అండ్ ఎం లాంటి విదేశీ బ్రాండ్లు దుకాణాలు మూసేశాయి. ఖాళీ అయిన చోట దేశీ బ్రాండ్లు వచ్చాయి, వాటితోపాటు కొకోష్నిక్, శాలువా, సరఫాన్ కూడా. చేతిపనివాళ్లకి ఆర్డర్లు రావడం మంచిదే. కానీ బట్టని దేశభక్తికి బ్యాడ్జి చేస్తే నష్టం ముందు బట్టకే. ఒక్క ఉత్తరాది సరఫాన్ మొత్తం దేశానికి గుర్తయిపోతుంది, పొన్యోవా కనపడకుండా పోతుంది, ఆ దేశంలోనే ఉండే వేరే జాతులు, తతార్ల, యకూత్‌ల, దగెస్తాన్ వాళ్ల బట్ట పక్కకి పోతుంది. నేను ఇష్టపడే సంప్రదాయమే కాబట్టి ఇంకా గట్టిగా చెప్పాలనిపిస్తోంది.

మరి మనం ఏం చేయొచ్చు? పిల్లలు ఎదురుచూస్తున్నారు, చెబుతాను. గులాబీల ప్రింటు పాలియెస్టర్ మీద వేసి అమ్మకండి, ఆ పని చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. రుబాఖా కటింగ్ తీసుకోండి. నేను మంగళగిరి కాటన్‌తో కుట్టి చూశాను. మన పన్నా పెద్దది కాబట్టి అతుకులు తగ్గుతాయి, నిజాం బార్డర్ కింది అంచుకి ఒకటి, రెండు చేతుల అంచులకి ఒకటి సరిపోయేలా లెక్క వేసుకుంటే కత్తెర కింద పడే ముక్క దాదాపు ఉండదు. చంక ముక్కని బార్డర్ రంగులో పెట్టండి, చెయ్యి ఎత్తినప్పుడే కనిపిస్తుంది, అక్కడివాళ్లూ అలాగే పెట్టేవాళ్లు. కుచ్చులు మెడ దగ్గర మరీ ఎక్కువ పెట్టకండి, నార అయితే నిలబడుతుంది, మన కాటన్ ఉతికాక వాలిపోతుంది. లేబుల్ మీద రెండు పేర్లు వేయండి: గుడ్డ మంగళగిరి, కటింగ్ రష్యా పల్లె రుబాఖా. ఉక్రెయిన్ చొక్కా నుంచి తీసుకుంటే ఉక్రెయిన్ అని వేయండి. లేబుల్‌లో ఇంకో లైను పెరిగితే ఖర్చేమీ కాదు.

ఇక్కడ బల్ల మీద మూడు వస్తువులు పెట్టాను. ఒకటి పాత పావ్లోవ్‌స్కీ పొసాద్ శాలువా, ఒకటి ఓరెన్‌బర్గ్‌ది, ఇంకొకటి నేను మంగళగిరి గుడ్డతో కుట్టిన రుబాఖా. శాలువాలని చేత్తో పట్టుకోవచ్చు, ఉంగరాలు గట్రా తీసి పట్టుకోండి, నూగు చిక్కుకుంటుంది. రుబాఖాని తిరగేసి లోపలి కుట్లు చూడండి, నాలుగు వైపుల అతుకులు ఎక్కడ కలుస్తున్నాయో చూడండి. పేపర్ నమూనా కాపీలు అక్కల కోసం పక్కన ఉన్నాయి, సైజుకి చంక ముక్క ఎంత ఉండాలో దాని మీద రాశాను. మొదట వెనక వరసలవాళ్లు రండి, ప్రశ్నలు బల్ల దగ్గరే అడగండి.